సోమవారం పొగాకు

క్యారీ, నార్త్ కరోలినా
ఏప్రిల్ 22

శశక్కా,

ఫోన్ చేయక కాగితం ఎందుకు పంపిందని నవ్వకు. పోయిన నెల నువ్వు ఫోన్ చేసినప్పుడు మేమిద్దరం కార్లో ఉన్నాం. "ఏందే కోటీ, మీ ఆయన ఇంకా మొహం మాడ్చుకునే ఉన్నాడా?" అని నువ్వు అడగడం కారు స్పీకర్లోంచి గట్టిగా వినబడింది. ఆయన కుడివైపుకి లైటు వేసుకుని తిరిగాడు. నాకు మాత్రం ఇల్లు చేరేదాకా తల ఎత్తబుద్ధి కాలేదు. అందుకని ఇలాంటి కబుర్లు ఇక ఫోన్లో వద్దు. ఫోన్లో ఊ కొట్టడం తప్ప నాకు మాట రాదని నువ్వే అంటావు కదా. ఏడో తరగతితో బడి మానినా రాయడం మరిచిపోలేదు.

బాబు ఫోటో పంపిన కవరు అందింది.

ఇక్కడి సంగతి చెబుతాను. మీ మరిది పైపు తాగుతున్నాడు. చెక్కతో చేసిన చిన్న గిన్నె, దానికో గొట్టం. గిన్నెలో పొగాకు కూరి, వెలిగించి, నెమ్మదిగా పీలుస్తాడు. సిగరెట్లు దసరాకి మానేశాడు. ఎందుకు మానేశాడో అప్పుడు నీకు చెప్పలేదు, ఇప్పుడు చెప్పడానికి ఏమీ లేదు. ఫిబ్రవరిలో ఈ పైపు మొదలైంది.

పైపు మీద నాకు కోపం లేదు. పొగాకు వాసన మనకి కొత్తా? కందుకూరులో నా చిన్నతనం సగం ఆకు గ్రేడింగ్ షెడ్డులోనే గడిచింది. ఆయన తెచ్చేది వాసన చూస్తే చాలావరకు మన వైపు పండే వర్జీనియా రకం ఆకే. నా కోపం అది కొనే చోటు మీద. ధర్మారావుగారి హోటల్‌కి సోమవారం సెలవు. అక్కడ వంటమాస్టర్ కదా, ఈయనకి వారంలో దొరికేది ఆ ఒక్క రోజే. ఆ రోజు టిఫిన్ తినగానే పక్క ఊరు రాలీలో ఉన్న పొగాకు కొట్టుకి కారేసుకుని వెళ్తాడు. అన్నం వేళకి వస్తాడు, చేతిలో ఇంత పొట్లంతో. ఇంత పొట్లానికి అంతసేపా? మా నాన్న బేళ్లకి బేళ్లు వేలంలో అమ్మి, కంపెనీవాళ్లతో పోట్లాడి, టీ తాగి వచ్చేవాడు అంతలో.

మార్చిలో ఒకసారి రమ్మంటే నేనూ వెళ్లాను. లోపలికి వెళ్లలేదు. సిగ్గేసి కార్లోనే కూర్చున్నాను. అద్దాల తలుపులోంచి అన్నీ కనబడుతున్నాయి. గాజు జాడీల వరసలు, కౌంటర్ వెనక ఒకామె. ముప్పై అయిదు ఉంటాయేమో. ఎర్రటి జుట్టు, మనవాళ్లలా ఒంటిజడ వేసుకుంది. ఒక్కో జాడీ మూత తీసి ఆయన ముక్కు దగ్గర పెడుతోంది. ఆయన వాసన చూసి ఏదో చెబుతున్నాడు. చేతులు తిప్పుతున్నాడు. నవ్వుతున్నాడు. అక్కా, ఇంట్లో ఆయన నాతో అనే మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "ఉప్పు సరిపోయింది." "అద్దె కట్టేశాను." "నువ్వు పడుకో."

ఆమె పేరు రోండా. పోయిన వారం తెచ్చిన పొట్లం మీద తన చేత్తో ఆయన పేరు ఇంగ్లీషులో రాసి, పక్కన నవ్వే ముఖం గీసింది. ఆయన కోసమే విడిగా కలిపిన పొగాకట. కూడబలుక్కుని చదివి, పొట్లం ఉన్నచోటే పెట్టేశాను. ఆ రోజు కూరలో కారం ఎక్కువ వేశాను, కావాలనే.

ఏం చేయమంటావు?

కోటేశ్వరి


ప్లేనో, టెక్సస్
మే 1

కోటీ,

నీ కవరు చూసి మీ బావ "ఈ కాలంలో ఉత్తరమేంటి, ఎవరైనా పోయారా?" అని కంగారుపడ్డాడు. పోయింది మా చెల్లెలి బుద్ధి అని చెప్పాను. అక్కడ ఎవరో నీ మొగుడి ముక్కు దగ్గర మూతలు తీస్తుంటే నువ్వు సీటుబెల్టు పెట్టుకుని చూస్తూ కూర్చున్నావా!

సరే, పోట్లాట నీ వల్ల కాదు. వేరే దారి చెబుతాను విను. ఆయన పొగాకు కోసమే వెళ్తున్నానంటున్నాడు కదా. ఆ పొగాకేదో గుమ్మంలోకే వచ్చేస్తే ఇక వెళ్లడానికి సాకు ఉండదు. ఆన్‌లైన్‌లో ఈ పైపు పొగాకు అమ్మేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. బాబు పాలు తాగుతున్నంతసేపూ ఒంటిచేత్తో అవే చూశాను. కొట్టులో కంటే చవక, రకాలు వందల్లో. ఇక రివ్యూలు చదివి నవ్వలేక చచ్చాను. ఒకాయన "ఎండుగడ్డి, నిమ్మతొక్క, కాస్త పాత పుస్తకం" అని రాశాడు. ఇంకొకాయనకి "మా తాతగారి కోటు జేబు" గుర్తొచ్చిందట. వీళ్లు తాగుతున్నారా, తింటున్నారా?

ఆ రోండా కలిపి ఇచ్చేది ఆన్‌లైన్‌లో దొరకదు, అది ఆమె సొంత కలగలుపు. వర్జీనియా అన్నావు కాబట్టి అది ఎక్కువున్నదాన్ని ఎంచి, నా కార్డు మీద బుక్ చేశాను. నీ పేరు మీద వస్తుంది. ఇరవై ఒకటి నిండినవాళ్లు తలుపు తీసి సంతకం చేయాలట. తలుపు తీయి తల్లీ, కిటికీలోంచి చూసి దాక్కోకు.

మా ఇల్లు చూడు. మీ బావ చెప్పుల దగ్గర్నుంచి చెవిపుల్లల దాకా అన్నీ ఆన్‌లైన్‌లోనే తెప్పిస్తాడు. వీధి ముఖం చూడడు. నాకు ఏ రోండా బెడదా లేదు.

బాబుకి నిశాంత్ అని పేరు పెట్టాం. ఫోటో అందింది అని రాశావు సరే, వాడు ఎవరిలా ఉన్నాడో ఒక్క మాట లేదేం? ఇంకోటి. "చెప్పడానికి ఏమీ లేదు" అంటే ఏంటి? మరిది సిగరెట్లు మానడంలో దాచేటంత సంగతి ఏముంది?

శశి


క్యారీ
మే 20

శశక్కా,

తలుపు తీశాను. పార్శిల్ తెచ్చినతను నన్ను పైనుంచి కిందికి చూసి "ఈజ్ యువర్ మామ్ హోమ్?" అన్నాడు. ఇరవై నాలుగేళ్లదాన్ని పట్టుకుని! బీరువాలోంచి పాస్‌పోర్టు తెచ్చి చూపించాను. తెలుగులో సంతకం కూడా పెట్టాను.

ఆదివారం ఆయన హోటల్ నుంచి రాగానే డబ్బా చేతిలో పెట్టాను.

"ఏంటిది?"

"పొగాకు. శశక్క తెప్పించింది. వారం వారం అంత దూరం తిరగడం ఎందుకని."

డబ్బాని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అక్కడైతే వాసన చూసి, ఒక చిటికెడు తాగి చూసి తెచ్చుకుంటా. ఇది మొహం చూడకుండానే కొనేశారే."

"బట్టలు కొనడం లేదా అలాగే?"

"బట్టలు తాగం కదా," అన్నాడు. నవ్వుతూ కాదు, ఊరికే. నా ముఖం చూసి కాబోలు, "సరేలే, మంచిదే" అన్నాడు.

సోమవారం కొట్టుకి వెళ్లలేదు. గెలిచాననుకున్నాను. ఉల్లిగారెలు వేశాను. ఆయన అపార్ట్‌మెంటు మెట్ల మీద కూర్చుని పైపు వెలిగించాడు. అది ఆరిపోయింది. మళ్లీ వెలిగిస్తే మళ్లీ ఆరిపోయింది. డబ్బాలో ఆకు తడిగా ఉంది. రోండా అయితే తడి చూసి, ఆరబెట్టే ఇస్తుందట. ఆ పేరు ఆయన నోట వినగానే నేను లేచి, న్యూస్‌పేపర్ తెచ్చి, ఆ ఆకంతా పరిచి, ఫ్యాను కింద పెట్టాను. ఎవరైనా ఆరబెట్టగలరు ఆకుని.

గారెలు తిన్నాడు. బాగున్నాయన్నాడు. కార్లు వచ్చేదీ పోయేదీ చూస్తూ సాయంత్రం దాకా ఆ మెట్టు మీదే కూర్చున్నాడు. నేను కింది మెట్టు మీద కూర్చున్నాను.  సోమవారం నాదయింది అక్కా, మనిషి కాలేదు.

నిశాంత్ అనే పేరు బాగుంది. సిగరెట్ల సంగతి వదిలెయ్యి.

కోటేశ్వరి


ప్లేనో
జూన్ 2

కోటీ,

ఒక్క డబ్బాకే డీలా పడితే ఎలా? అలవాటు అన్నాక తప్పడానికి కొన్ని వారాలు పడుతుంది. గారెలు వేస్తూనే ఉండు. ఈసారి డబ్బా కాదు, పెద్ద సంచీ పంపిస్తున్నాను. రెండు నెలలు తాగినా తరగదు. తడి సంగతి రివ్యూల్లో చూశాను. సంచీ రాగానే గాజు సీసాలోకి ఎత్తి, మూత గట్టిగా బిగించి పెట్టాలట. రోండా జాడీలు ఉంటే మనకి సీసాలు లేవా?

నిశాంత్ బోర్లా పడడానికి తంటాలు పడుతున్నాడు. ఒక చెయ్యి కింద ఇరుక్కుపోయి గోల చేస్తాడు. సెప్టెంబర్‌లో అన్నప్రాశన. ధర్మారావుగారిని ఇప్పుడే సెలవు అడిగి పెట్టమను మరిదిని. నువ్వు రాకపోతే నేను ఒప్పుకోను.

ఒకటి అడుగుతాను. నా బిడ్డ గురించి పక్కింటివాళ్ల బిడ్డ గురించి రాసినట్టు రాస్తున్నావు. "పేరు బాగుంది." అంతేనా? పిన్నికి నువ్వు పుట్టినప్పుడు నిన్ను చంకనెత్తుకుని ఊరంతా తిప్పినదాన్ని నేను. నా మీద ఏమైనా కోపమా? ఉంటే చెప్పు, పడతాను.

శశి


క్యారీ
జూన్ 24

శశక్కా,

నీ మీద కోపం లేదు. అది మళ్లీ అడగకు.

నీ సంచీ వచ్చింది, నా కొంప మునిగింది. నువ్వు చెప్పినట్టే గాజు సీసాలోకి ఎత్తాను. మన ఇళ్లలో ఖాళీ సీసా అంటే ఏది ఉంటుంది, పచ్చడి సీసానే కదా. ఇంగువ వేసిన మాగాయ సీసాలు రెండు, సబ్బుతో రుద్ది, వేడినీళ్లు పోసి, ఎండలో పెట్టాను. నా ముక్కుకి ఏ వాసనా రాలేదు. మూత లోపల రబ్బరు రింగు ఉంటుందే, అందులో దాక్కుంది ఇంగువ. వారం తిరిగేసరికి పొగాకంతా పట్టేసింది.

ఆయన మెట్ల మీద పైపు వెలిగించి రెండు దమ్ములు లాగి ఆగిపోయాడు. పైపుని దూరంగా పెట్టి చూశాడు. మళ్లీ లాగాడు. "కోటీ, ఇలా రా," అన్నాడు. "ఇదేంది, పులిహోర తాగుతున్నట్టుంది?"

నేను సీసా తెచ్చాను. మూత వాసన చూశాడు. అప్పుడు నవ్వాడు అక్కా. పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. పై అంతస్తులో ఉండే ఎమ్మెస్ కుర్రాళ్లు "అంకుల్, ఎవరింట్లో పోపు?" అని తొంగి చూసేసరికి ఇంకా నవ్వాడు. నేనూ నవ్వాను. మా ఇంట్లో నవ్వు విని ఎన్నాళ్లయిందో. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద లేవు.

సోమవారం పొద్దున ఒక సీసా కనబడలేదు. ఆయన కారు తాళాలు తీసుకుంటున్నాడు, చంకలో సీసా.

"అది ఎక్కడికి?"

"రోండాకి చూపిస్తా. వాసన చూస్తే పడి నవ్వుద్ది. అక్కడ కూర్చునే ముసలాళ్లు కూడా."

వెళ్లిపోయాడు. నేను చేసిన తప్పు అక్కా, నా వంటింట్లో జరిగింది. దానికి మేమిద్దరం నవ్వుకున్నాం. దాన్ని కూడా మూత పెట్టి ఆమె దగ్గరికి పట్టుకెళ్లాడు. నాకంటూ ఒక్కటి మిగలనివ్వడా?

కోటేశ్వరి


ప్లేనో
జూలై 3

కోటీ,

ఇక ఆన్‌లైన్ చాలు. నేను ఎన్ని సంచీలు పంపినా అతను వెళ్లాలనుకుంటే వెళ్తాడు. ఇంగువ నా తెలివి కూడా కలిపి తగలబెట్టింది.

నువ్వు వెళ్లు. వచ్చే సెలవురోజు అతనితో పాటు కారెక్కి, అక్కడ దిగి, లోపలికి వెళ్లు. పట్టుచీర కట్టకు, పోట్లాటకి వచ్చావనుకుంటారు. అలాగని ఇంట్లో వేసుకునే నైటీలాంటివీ వద్దు. ఆమెని దగ్గర్నుంచి చూడు. అతను అక్కడ ఏం మాట్లాడతాడో విను. ఇంగ్లీషు అర్థం కాకపోయినా కళ్లు అర్థమవుతాయి.

చూసి వచ్చి ఉన్నది ఉన్నట్టు రాయి. ఈసారి ఏమీ మింగకు.

శశి


క్యారీ
జూలై 16

శశక్కా,

బాబు నిద్రపోయాక చదువు ఇది.

వెళ్లాను. నీలం చుడీదార్ వేసుకున్నాను. "నేనూ వస్తా" అంటే ఆయన ఆశ్చర్యంగా చూసి, "కార్లో కూర్చుంటే ఉడికిపోతావు," అన్నాడు. "లోపలికే వస్తా," అన్నాను. దారిలో రోడ్డు పక్కన పచ్చాకుని వేడి మీద ఎండగట్టే పాతకాలం పొగాకు బ్యారన్లు కనిపించాయి. మన ఊళ్లో ఉన్నట్టే ఎత్తుగా, కిటికీలు లేకుండా. ఒకటి సగం కూలిపోయి ఉంది. నాకు ఎందుకో ధైర్యం వచ్చింది.

తలుపు తీయగానే గంట మోగింది. ఆకు వాసన. తోలు కుర్చీల్లో ఇద్దరు ముసలాళ్లు పైపులు తాగుతూ కూర్చున్నారు. ఒకాయన నన్ను చూసి టోపీ తీశాడు. రోండా కౌంటర్ వెనక నుంచి బయటికి వచ్చి, "కోటేశ్వరి," అంది. ఒక్క అక్షరం కూడా మింగకుండా. మా బడిలో మేష్టారు కూడా నా పేరు అంత నిండుగా పిలవలేదు. ఆయన నేర్పాడన్నమాట. దానికీ నాకు మండింది.

నా ఇంగువ సీసా కౌంటర్ మీద ఉంది. దాని మీద ఏదో చీటీ అంటించారు. "అమ్మబడదు అని రాసింది," అని చెప్పి ఆయన నవ్వాడు. టోపీ ఆయన మూత తీసి, వాసన పీల్చి, కడుపు మీద చెయ్యి వేసుకుని, ఆకలి అవుతోందన్నట్టు సైగ చేశాడు. మీ మరిది వాళ్ల కోసమే పొద్దున లేచి పులిహోర చేశాడు, అసలు వాసన ఏంటో తెలియాలని. ఆ డబ్బా కార్లో మరిచిపోయాడు. తేవడానికి బయటికి వెళ్లాడు.

ఆయన అటు వెళ్లగానే రోండా నా రెండు చేతులూ పట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు. "ఐ యామ్ సో సారీ అబౌట్ యువర్ లిటిల్ గర్ల్," అంది. ముసలాళ్లిద్దరూ తలలు దించుకున్నారు.

అక్కా, ఇప్పుడు నీకు చెప్పాలి. ఆయన దసరాకి సిగరెట్లు మానేసింది నాకు నెల తప్పిందని. అయిదో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకూడదని నేనే అన్నాను, దిష్టి తగులుతుందని. అమ్మకి కూడా చెప్పలేదు. సంక్రాంతి వెళ్లాక చెబుదామనుకున్నాం. జనవరిలో పోయింది. ఆడపిల్ల. స్కాన్‌లో చెప్పారు ఆడపిల్లని.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ఆయన సింకులో గిన్నెలు తోమాడు. మర్నాడు హోటల్‌కి వెళ్లాడు. ఒక మాట లేదు, కన్నీటి చుక్క లేదు. ఆయనకి ఏమీ అనిపించలేదనుకున్నాను. ఆయనకే లేనప్పుడు నేను ఒక్కదాన్నే ఏడవడం ఏంటని నేనూ నోరు మూసుకున్నాను. ఈ సంగతి ఈ భూమ్మీద మా ఇద్దరికే తెలుసనుకున్నాను.

రోండా నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఫిబ్రవరిలో ఆయన సిగరెట్లు కొనడానికి ఆ కొట్టులోకి వెళ్లాడట. ప్యాకెట్ చేతిలో పట్టుకుని, పర్సు తీయబోయి, అక్కడే నిలబడి ఏడ్చేశాడట. టోపీ ఆయన తన కుర్చీలో కూర్చోబెట్టి, తన దగ్గరున్న పాత పైపు ఒకటి ఇచ్చి, పక్కన కూర్చున్నాడట. అప్పట్నుంచి ప్రతి సోమవారం. మా అమ్మాయి గురించి మాట్లాడతాడట అక్కడ. తర్వాత ఆమె "ఆయన అనుకున్న పేరు కూడా ఎంత బాగుందో..." అంటూ నా ముఖం చూసి ఆగిపోయింది.

పేరు ఉందని నాకు తెలియదు అక్కా.

ఆమెకి అర్థమైంది. నోటి మీద చెయ్యి వేసుకుంది. "అది నేను చెప్పేది కాదు, అతన్నే అడుగు," అంది. నా ఒళ్లంతా మంటలు. ఇన్నాళ్లూ ఆయన నవ్వు ఆమెకి ఇచ్చాడని ఏడ్చాను. నవ్వు పోతే పోనీ. ఆయన ఏడుపు నాది కదా. నా బిడ్డ పేరు నాది కదా. ఎవరో రాలీలో పొగాకు అమ్మే మనిషి దగ్గర ఉందా అది? అలాగని ఆమెని తిట్టలేకపోతున్నాను. పేరు బయటికి రాకుండా ఆగింది చూడు, అక్కడే నన్ను ఓడించింది.

ఆయన పులిహోర తెచ్చాడు. అందరూ కాగితం పళ్లేల్లో తిన్నారు. నేనూ తిన్నాను. తిరిగి వచ్చేటప్పుడు కార్లో నోటిదాకా వచ్చింది, అడగలేకపోయాను.

ఇంకొకటి. నిశాంత్ ఫోటో కవరు నేను విప్పలేదు. మార్చిలో నీకు నొప్పులు మొదలయ్యాయని పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడు నాకు సంతోషం కలగలేదు. బాత్రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పుకుని కూర్చున్నాను. నాది పోయి నీది ఉందని. తిట్టు.

కోటేశ్వరి


ప్లేనో
జూలై 25

కోటీ,

తిట్టమన్నావు కదా, తిడుతున్నాను.

డిసెంబర్‌లో నా కాళ్ల వాపుల గురించి, నాకు పుట్టిన చింతకాయ కోరికల గురించి నీకు ఫోన్లో గంటలు గంటలు చెప్పాను. నీ కడుపులో పిల్లని పెట్టుకుని నువ్వు ఊ కొట్టావు. జనవరిలో, ఫిబ్రవరిలో కూడా చెప్పాను. అప్పుడూ ఊ కొట్టావు. నా నోరు మూయించడానికి ఒక్క మాట చాలు, అది అనలేదు. ఇప్పుడు నేను ఆ మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుని చస్తున్నాను.

ఇంకా తిట్టనా? నాకంటే ముందు ఆ రోండాకి తెలిసింది. టోపీ ముసలాయనకి తెలిసింది. నేను ఏ రోజూ చూడని ఊళ్లో, ఎవరో కుర్చీల్లో కూర్చుని పైపులు తాగుతూ మా చెల్లెలి బిడ్డ గురించి బాధపడ్డారు. నేను ఇక్కడ రివ్యూలు చదివి నవ్వుకున్నాను. మరిది మీద నీకు ఏ మంట ఉందో, నీ మీద నాకు అదే మంట. నీ ఏడుపులో నాకు వాటా లేదా?

నన్ను చూసి కుళ్లుకున్నావని రాశావు. కుళ్లుకో. దానికి నేను ఏమీ అనుకోను. ఆ ఫోటో విప్పొద్దు. అన్నప్రాశనకి రావద్దు. రావాలనిపించిన రోజు రా, అది వాడి పెళ్లి రోజయినా సరే. నువ్వు చెప్పకుండా దాయడం ఒక్కటే నేను ఓర్చుకోలేను.

ఆన్‌లైన్ సలహా ఇచ్చింది నేను, ఆ పాపం నాది. నేను అతన్ని కొట్టు మాన్పించాననుకున్నాను, కుర్చీ మాన్పించానని తెలియదు. మీ బావని చూస్తే కూడా ఇప్పుడు భయమేస్తోంది. అతనికి ఏదైనా జరిగితే వెళ్లి కూర్చోవడానికి ఈ ఊళ్లో ఒక్క కొట్టు కూడా లేదు.

మరిదిని అడుగు. నాకు రాసినట్టు కాగితం మీద కాదు. నోటితో అడుగు.

అక్క


క్యారీ
ఆగస్టు 12

అక్కా,

అడిగాను.

పోయిన వారం సోమవారం పొద్దున ఆయన బూట్లు వేసుకుంటున్నాడు. కారు తాళాలు నా గుప్పిట్లో పెట్టుకుని తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. ముందు రోజంతా ఏమేం అనాలో అనుకున్నాను గాని, అందులో ఒక్కటీ నోట్లోకి రాలేదు.

"అక్కడ చెప్పిన పేరు నాకు చెప్పండి," అన్నాను.

ఆయన అలాగే, ఒక బూటు వేసుకుని ఒకటి చేత్తో పట్టుకుని ఉండిపోయాడు. "రోండా చెప్పిందా?"

"చెప్పలేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా."

"నువ్వు ఏడుస్తావని చెప్పలేదు కోటీ."

"నేను ఏడవకూడదా?"

"నువ్వు ఏడిస్తే నేను ఆగలేను."

"అక్కడ ఆగారా?"

తల అడ్డంగా ఊపాడు. "వాళ్లెవరో నాకు తెలీదు. తెలీనోళ్ల ముందు ఏడిస్తే వాళ్లకేం కాదు. లేచి ఇంటికి పోయి అన్నం తింటారు. నీ ముందు ఏడిస్తే నువ్వు కూలిపోతావనుకున్నా."

"నేను కూలిపోయే ఉన్నాను. మీరు గిన్నెలు తోముతున్నారు."

ఈ మాట ఎలా అన్నానో నాకే తెలియదు. పెళ్లయ్యాక ఆయనకి ఎదురు మాట్లాడింది అదే మొదలు. ఆయన గుమ్మంలోనే కూలబడ్డాడు. నేనూ తలుపుకి ఆనుకుని కింద కూర్చున్నాను. అప్పుడు చెప్పాడు పేరు.

నీకు రాయను. కోపం తెచ్చుకోకు. నీ ఏడుపులో నాకు వాటా లేదా అని అడిగావు, ఉంది. ఆ రోజుల సంగతి ఏది అడిగినా చెబుతాను. పేరు మాత్రం కొన్నాళ్లు నా నోట్లోనే ఉండనీ. ఇప్పటికే నాకు తెలియకముందు తెలిసినవాళ్లు ఎక్కువయ్యారు.

ఆ రోజు కొట్టుకి వెళ్లలేదు. వంట కూడా చేయలేదు, పెరుగన్నం తిన్నాం. వాళ్లకి ఏమేం చెప్పాడో అన్నీ మొదటినుంచీ చెప్పించుకున్నాను. స్కాన్ రోజు ఏమనుకున్నాడో, ఏ రంగు గౌను చూసి ఆగాడో, ఏ బడి ముందు నుంచి కారు పోనిచ్చాడో. నేను కూడా చెప్పాను. మాటలు నాకు అంత తొందరగా రావు కదా, ఆయన ఆగి విన్నాడు. అన్నీ అయ్యాక కూడా నా కడుపు మంట చల్లారలేదు.

"రోండాకి చెప్పనిది ఒకటి చెప్పండి," అన్నాను.

 చెప్పాడు. చిన్న సంగతే. అది ఎవరికీ తెలియదు, నాకు తప్ప.

పొగాకు ఆ కొట్టులోనే కొనుక్కోమన్నాను. రెండో మాగాయ సీసాలో మిగిలిన నీ పొగాకుని కొత్త సీసాలోకి ఎత్తాను, ఇంగువ వాసన కాస్త తగ్గింది. మంగళవారం నుంచి ఆదివారం దాకా అది తాగుతాడట, పారేయడం ఇష్టం లేక. ఎవరు పంపినదైనా ఆకు ఆకే అన్నాడు. నువ్వు పంపిన కవరు కూడా విప్పుతాను అక్కా, ఎప్పుడో తెలియదు గాని.

మొన్న ఆదివారం పడుకునే ముందు ఆయన అడిగాడు. "రేపు వెళ్లినప్పుడు రోండాకి చెప్పనా, నీకు పేరు చెప్పేశానని? ఆ రోజు నీ ముఖం చూసినప్పట్నుంచి పాపం దిగులు పడుతుంది."

"వద్దు," అన్నాను.

"ఎందుకు?"

"ఇంకో వారం వద్దు. ఇంకో వారం మన దగ్గరే ఉండనీ."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. సరేనని పడుకున్నాడు. నాకే నిద్ర పట్టలేదు. ఆయన ఆ కుర్చీలో కూర్చుంటే, ఆమె జాడీ మూత తీసి ఏమైందని అడిగితే, ఆగగలడా అని.

నిన్న వెళ్లాడు. నేను వెళ్లలేదు, కావాలనే. ఇల్లు తుడిచిందే తుడిచాను. కారు చప్పుడు విని తలుపు తీశాను. చేతిలో పొట్లం ఉంది, దాని మీద ఆయన పేరు, నవ్వే ముఖం. బూట్లు కూడా విప్పలేదు. నేను ఇంకా ఏమీ అడగలేదు.

"ఏమీ చెప్పలేదు," అన్నాడు.

కోటి